పక్క మంచం మేస్త్రీ, నేను, బీడీ

కుడి అరికాల్లో నొప్పి మొదలైనప్పుడు నా వయసు 38. నిజామాబాదు జిల్లాలో ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతాను; రోజంతా నిలబడే ఉద్యోగం కాబట్టి కాలు లాగడం మామూలేననుకున్నాను. బస్టాండు నుంచి బడికి నడుస్తుంటే సగం దారిలో అరికాలు పట్టేసేది, కాసేపు ఆగితే తగ్గేది, మళ్లీ నడిస్తే మళ్లీ పట్టేసేది. ఒకచోట నరాల బలహీనతని, ఇంకోచోట యూరిక్ యాసిడ్ అని మాత్రలు రాశారు. చలికాలం వచ్చేసరికి పాదం చల్లబడిపోయింది. రాత్రి పడుకోగానే నొప్పి పెరిగేది. కాలు మంచం మీది నుంచి కిందికి వేలాడదీస్తే గానీ కునుకు పట్టేది కాదు. చిటికెన వేలి గోరు తీసుకున్న చోట పడిన పుండు నెలలు గడిచినా మానకపోవడంతో హైదరాబాదు వెళ్లాం.

అక్కడ రక్తనాళాల విభాగంలో డాక్టరుగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, బీడీనా సిగరెట్టా అని. షుగరు లేదు, కొలెస్టరాలు మామూలే. బీపీ చూసే పట్టీని చేతికి, తర్వాత చీలమండకు కట్టి రెండు అంకెలనూ పోల్చి చూశారు. యాంజియోగ్రామ్ తెర మీద మోకాలి కింద రక్తనాళం ఉన్నట్టుండి ఆగిపోయింది. దాని చుట్టూ స్ప్రింగుల్లా మెలికలు తిరిగిన సన్నని నాళాలు, మూసుకుపోయినదానికి బదులుగా శరీరం తనంతట తాను పెంచుకున్నవి, కనిపించాయి. 1908లో న్యూయార్కులో లియో బర్జర్ అనే వైద్యుడు ఈ జబ్బు గురించి వివరంగా రాశాడు కాబట్టి బర్జర్ వ్యాధి అంటారు. పొగాకు అలవాటున్న, యాభై ఏళ్లు దాటని మగవాళ్లలో ఎక్కువగా వస్తుంది. చేతుల్లో, కాళ్లలో ఉండే చిన్న, మధ్యరకం నాళాలు వాచి, వాటిలో రక్తం గడ్డకడుతుంది. మూసుకుపోయిన చోటును దాటించి రక్తానికి వేరే దారి వేసే బైపాస్ ఆపరేషన్ చేయాలంటే కింద అతికించడానికి మంచి నాళం ఒకటి మిగిలి ఉండాలి. నాకు అది లేదు. మందులు, డ్రెస్సింగులు తోడ్పడతాయి గానీ కాలిని నిలబెట్టేది పొగాకు పూర్తిగా మానడం ఒక్కటేననీ, రోజుకు ఒకటో రెండో కాల్చినా జబ్బు ఆగదనీ డాక్టరుగారు చెప్పారు. మానేవాళ్లకు మామూలుగా ఇచ్చే నికోటిన్ గమ్ములు, చర్మానికి అంటించే నికోటిన్ పట్టీలు కూడా ఈ జబ్బులో వద్దని, నికోటిన్ లేని మాత్ర రాశారు.

పక్క మంచం మీద పాలమూరు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ ఉండేవాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఎడమ పాదానికి బొటనవేలు తప్ప మిగతా వేళ్లు లేవు. నేను బీడీలు తగ్గిస్తానని నా భార్యకు మాటిస్తుండగా విని, దుప్పటి పక్కకు తీసి పాదం చూపించాడు. "సారూ, మూడేండ్ల కింద నాకు గూడ నీ లెక్కనే ఒక్క పుండే ఉండె. తగ్గిస్తనంటి, తగ్గిస్తి. గిట్లయింది." డాక్టరుగారు అరగంట సేపు చెప్పినది నాకు అప్పుడు అర్థమైంది.

నా చిటికెన వేలి కొసను తీసేశారు. రోజూ గంటల తరబడి సన్నగా ఎక్కించే మందుతో ముఖం వేడెక్కి, తల పగిలిపోయేది. ఆ గంటల్లోనే మేము ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం: ఇళ్లకు వెళ్లాక ఎవరికి బీడీ మీదికి మనసు పోయినా, ముట్టించే ముందు రెండోవాడికి ఫోను చేయాలి, ఫోను ఎత్తినవాడు నీతులు చెప్పకూడదు. రెండో షరతు ఆయనదే. ఎంత తెలివైన షరతో తర్వాత తెలిసింది. పిల్లల ముఖం చూసైనా మానమని ఇంట్లో అందరూ ప్రేమతోనే చెప్పేవారు, కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు లేచి వీధిలోకి వెళ్లాలనిపించేది. మేస్త్రీ అన్నకు నా గుణంతో పని లేదు. ఎదురుగా ఉన్న ఆ కొద్ది నిమిషాలు గడిస్తే చాలు. నిజానికి ఆ తపన ఎంత బలంగా వచ్చినా సాధారణంగా కొన్ని నిమిషాల్లోనే సద్దుమణుగుతుంది. ఆ కాసేపూ ఆయన స్లాబుకు ఎన్ని సిమెంటు బస్తాలు పట్టాయో, సెంట్రింగు వాళ్లు ఎలా సతాయిస్తున్నారో చెప్పేవాడు. నేను పిల్లల జవాబు పత్రాల్లోని వింతలు చదివి వినిపించేవాణ్ని.

నాకు గండం తెల్లవారుజామున. బీడీ ముట్టిస్తే తప్ప కడుపు కదలని అలవాటు ఇరవై ఏళ్లది, మానిన మొదటి వారాల్లో మలబద్ధకం సహజమేనని డాక్టరు ముందే చెప్పినా ఆ బాధ బాధే. ఆయన కూడా అదే వేళకు లేచేవాడు, గోరువెచ్చని నీళ్లు తాగించి, ఫోను పెట్టకుండా ఉండి, "అయిందా సారూ?" అని అడిగేవాడు. మా ఇద్దరి స్నేహంలో అంత గౌరవప్రదం కాని ఈ భాగాన్ని వదిలేస్తే అసలు సంగతి వదిలేసినట్టే. ఆయనకు కష్టం సాయంత్రం నాలుగింటికి. చాయ్ రాగానే పనివాళ్లందరూ బీడీలు వెలిగిస్తారు. ఆ సమయానికి నా చివరి పీరియడు ఉంటుంది కాబట్టి ప్రధానోపాధ్యాయులకు విషయం చెప్పి వరండాలోకి వచ్చి మాట్లాడేవాణ్ని.

మా ఇంటికి ఇంకో చిక్కుంది. మా అమ్మ బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, పక్కన నానబెట్టిన తునికాకు, కత్తెర, దారం, తంబాకు: నన్ను డిగ్రీ దాకా చదివించింది ఆ చాటే. సిగరెట్టు కంటే బీడీలో పొగాకు తక్కువే గానీ, ఆరిపోకుండా మాటిమాటికీ గట్టిగా పీల్చాలి కాబట్టి పొగ, నికోటిన్ ఎక్కువే లోపలికి పోతాయి. ఇరవై అయిదు బీడీల కట్టలు కట్టేటప్పుడు లెక్క తక్కువ వస్తే, తీసిందెవరో ఆమెకు తెలుసు, ఎన్నడూ అనలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున చాట తీసుకొని పక్కింటి అరుగు మీదికి మారింది. తంబాకు వాసన నాకు తగలకుండా వేళ్లకు నిమ్మచెక్క రుద్దుకొని, చీర మార్చుకొని గానీ నాకు అన్నం పెట్టేది కాదు. పని మానమని నేను అడగలేదు. పీఎఫ్ ఉన్న పని అది, ఈ వయసులో ఆమెకు వేరే పని ఎవరిస్తారు?

వానాకాలంలో మేస్త్రీ అన్న పుండు ఆరినట్టే ఆరి మళ్లీ చెమ్మగిల్లింది. వదిన ఫోను చేసి, బీడీ ముట్టడం లేదు గానీ తంబాకు, సున్నం నలిపి ఖైనీలా దవడకు పెట్టుకుంటున్నాడని చెప్పింది. పొగ లేదు కదా అని ఆయన ధీమా. ఒప్పందం ప్రకారం నేను నీతులు చెప్పకూడదు. "అన్నా, గమ్మే వద్దన్న డాక్టరు గిది ఒప్పుకుంటడా? మనిద్దరం పోయి అడుగుదాం" అన్నాను, అంతే. ఇద్దరం కలిసే ఓపీకి వెళ్లాం. నికోటిన్ నోట్లో నుంచి పోయినా రక్తనాళాలకు ఒకటేనని డాక్టరుగారు చెబుతుంటే ఆయన నా వైపు చూసి, జేబులోని డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత ప్యాకెట్ల మీద అచ్చు వేసే 1800-11-2356కు కూడా ఫోను చేయించాను. ఉచితమే, తెలుగులో మాట్లాడతారు, కొన్నాళ్లు వాళ్లే తిరిగి ఫోను చేసి కనుక్కుంటారు. మా ఫోన్లకు అది బదులు కాదు గానీ, నేను క్లాసులో ఉన్న వేళల్లో ఆయనకు పనికొచ్చింది.

ఇప్పుడు నా పుండు పూర్తిగా మానింది. బస్టాండు నుంచి బడికి ఆగకుండా నడుస్తున్నాను. చలికాలంలో మాత్రం పాదం ఇంకా చల్లబడుతుంది, మేజోళ్లు లేనిదే గడప దాటను. మేస్త్రీ అన్న బొటనవేలు నిలిచింది. పరంజి ఎక్కడం మానేసి, కింద నిలబడి పని చేయిస్తున్నాడు.

ఆ వార్డు నర్సమ్మ మా అనుమతితో కొత్తగా చేరినవాళ్లకు మా నంబర్లు ఇస్తోంది. మొన్న ఆదిలాబాదు నుంచి ఒక ఆటో డ్రైవరు ఫోను చేశాడు. మంచి చెడ్డలు మాట్లాడుకోకముందే, బీడీ మానితే బదులుగా ఖైనీ వేసుకోవచ్చా అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది నేను కాదని మేస్త్రీ అన్నకు కలిపాను.