14వ బార్‌లో ఊదారంగు మరక

మే 19

ఒక స్వరాన్ని చెరిపేశాను. రబ్బరుతో కాదు, తేమతో. ఏడు నెలలుగా ఎంత జాగ్రత్తగా చేసుకొచ్చిన పని! ఒక్క మధ్యాహ్నంలో చేజేతులా చెడగొట్టుకున్నాను. కోపం చల్లారక ముందే రాసిపెడుతున్నాను, లేకపోతే రేపటికి నా తప్పుకు నేనే సాకులు వెతుక్కుంటాను.

కొత్తగా చదివేవారికి రెండు ముక్కలు. ఇవి మా అమ్మ మేనమామ కాగితాలు. కర్నూలు పాతనగరంలోని చర్చిలో ఆయన నలభై ఏళ్లు ఆర్గన్ వాయించారు, పాటలు కట్టారు, ఉన్న కీర్తనలకు నాలుగు గొంతుల వరుసలు రాశారు: ఆడవాళ్లకు పై వరుస, ఆల్టో; మగవాళ్లకు టెనరు, అన్నిటికంటే కింద బాస్. ఇంట్లో అందరికీ ఆర్గన్ తాత. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడినప్పుడు ఆయన రాతల్లో సగం, నేల మీది ట్రంకు పెట్టెతో పాటే పోయింది. అటక మీది పెట్టె బతికింది. నా దగ్గరున్నది ఆ పెట్టె. అందులోని కాగితాల మడతలు సాపు చేసి, స్కాన్ చేసి, పాటలను కంప్యూటరులోకి ఎక్కించడం నా పని.

అందులో నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. ఫుల్‌స్కేప్ సైజు, గోధుమ రంగుకు తిరిగింది, మడత దగ్గర అప్పడంలా విరుగుతుంది. శంకరాభరణం, రూపకతాళంలో ఒక క్రిస్మస్ పాట. అడ్డ మడత చినిగితే ఎవరో 20 సెంటీమీటర్ల పొడవునా సెల్లో టేపు వేశారు. ఆ మహానుభావులు ఎవరో గానీ నాకు రోజూ గుర్తొస్తారు. పాట స్వరాలు అక్షరాలుగా, బ్లూబ్లాక్ సిరాతో రాసి ఉన్నాయి. దిద్దుబాట్లు మాత్రం పెన్సిల్‌వి. మామూలు పెన్సిలే అనుకున్నాను.

కాదు. అది కాపీయింగ్ పెన్సిల్. పొడిగా ఉన్నంతసేపు బూడిద రంగులో అమాయకంగా ఉంటుంది. నీరు తగిలితే ఊదా. అందులో గ్రాఫైటుతో పాటు మిథైల్ వయొలెట్ అనే రంగు కలుపుతారు. పాతకాలం గుమాస్తాలు నాలుకకు తాకించి రాసేవారే, అదే.

మడత విరగకుండా తెరుచుకోవాలంటే కాగితాన్ని ముందు తేమకు మెత్తబరచాలి. అందుకు చేసింది ఇది. 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, అడుగున తడి తువ్వాలు, 8 సెంటీమీటర్ల ఎత్తున నైలాన్ వల, వల మీద కాగితం, పైన మూత. తేమ మీటరు 85 శాతం చూపించింది. గదిలో 39 డిగ్రీలు. త్వరగా అవుతుందని తువ్వాలును వేడినీళ్లలో ముంచాను. 2 గంటల 40 నిమిషాలకు మూత తీశాను. మూడో బార్ (బార్ అంటే తాళం ప్రకారం పాటను విడగొట్టిన ఒక్కో గడి), తొమ్మిదో బార్ దిద్దుబాట్ల చుట్టూ మిల్లీమీటరు వెడల్పున ఊదా అంచు వచ్చింది, అక్షరాలు మాత్రం చదవగలను. 14వ బార్ బాస్ వరుసలో అక్షరం లేదు. 7 మిల్లీమీటర్ల గుండ్రటి మరక ఉంది, అంతే.

ముందే ఫోటో తీసి ఉండాల్సింది. మడత విప్పితే విరుగుతుందేమోనని, సాపు చేశాక స్కాన్ చేయవచ్చని ఆగాను. టార్చి లైటు వేసి లోపలికి తొంగి చూసింది నిజం. ఏ అక్షరం చూశానో గుర్తులేదు.

మే 22

మూడు రోజులు పెట్టె ముట్టుకోలేదు. ఇవాళ తప్పు ఎక్కడ జరిగిందో వెతికాను.

మొదటి అనుమానం మీటరు మీద. దాన్ని సరిచూడడానికి వంటింట్లో దొరికేదే చాలు. మూతబిగువు డబ్బాలో చిన్న గిన్నె పెట్టి, అందులో ఉప్పుకు కొంచెం నీళ్లు కలిపి తడి ఇసుకలా చేయాలి. ఉప్పు పూర్తిగా కరగకూడదు, పలుకులు మిగలాలి. ఆ డబ్బాలో గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది, గది 20 డిగ్రీలున్నా 40 డిగ్రీలున్నా పెద్దగా మారదు. మీటరును అందులో 12 గంటలు ఉంచాను. 69 చూపించింది. అంటే ఆరు తక్కువ. నేను 85 అనుకున్నది కనీసం 91. పై అంకెల దగ్గర ఈ చవక మీటర్లు ఇంకా తడబడతాయి కాబట్టి 95 ఉన్నా ఆశ్చర్యపోను.

రెండోది వేడినీళ్లు. తువ్వాలు నుంచి లేచిన ఆవిరి చల్లటి మూతకు తగిలి చెమ్మగా మారుతుంది. మూత లోపలివైపు వేలితో రాస్తే తడి అంటింది. 14వ బార్ మరక గుండ్రంగా ఉండడానికి కారణం ఇదే అనుకుంటున్నాను. మిగతా రెండూ తేమకు మెల్లగా పాకినవి, ఇది మాత్రం మూత నుంచి రాలిన ఒక చుక్క. నడుమ లేత ఊదా, అంచున ముదురు. చుక్క ఎండినప్పుడు రంగు అంచుకు చేరుతుంది. టీ చుక్క ఎండిన మచ్చను చూసినవారికి వేరే చెప్పాలా?

మూడో తప్పు నాది, తొందర.

మే 31

అదృష్టం ఒకటుంది. ఆ పెట్టెలోనే, ట్యూనింగ్ ఫోర్కు పక్కన, రెండు అంగుళాల పెన్సిల్ ముక్క దొరికింది. తడి దూదిపై గీస్తే ఊదా. అదే పెన్సిలని ప్రమాణం చేయలేను కానీ అదే రకం. తాతవే పాత ఖాళీ కాగితం అంచుల నుంచి పట్టీలు కత్తిరించి, గట్టిగా నొక్కి మూడు గీతలు, తేలికగా మూడు గీతలు గీసి పరీక్ష పెట్టాను.

ఉప్పు డబ్బాలో 24 గంటలకు ఏమీ కాలేదు. 48 గంటలకూ కాలేదు.

ఒక్కో లవణం డబ్బాలో తేమను ఒక్కో అంకె దగ్గర నిలుపుతుంది. 82 శాతానికి పొటాషియం క్లోరైడు కావాలి. కెమిస్ట్రీ సామాన్ల కోసం హైదరాబాదు దాకా వెళ్లే ఓపిక లేక ఎరువుల దుకాణంలో పొటాష్ కొన్నాను. ఎర్రటి పలుకులు. దుకాణదారు ఎన్ని ఎకరాలని అడిగితే ఒక గిన్నె అన్నాను. శుద్ధమైనది కాదు కాబట్టి అంకెకు పూచీ ఇవ్వలేను; సరిదిద్దిన మీటరు ప్రకారం 82. ఆరు గంటల వరకు మార్పు లేదు. 24 గంటలకు, గట్టిగా నొక్కిన గీతల మీద, పదింతల భూతద్దంలో మాత్రమే కనిపించే ఊదా చుక్కలు.

తడి తువ్వాలు టబ్బులో ఈసారి చల్లనీళ్లే వాడాను. 40 నిమిషాలకు చుక్కలు, రెండు గంటలకు అర మిల్లీమీటరు అంచు. కాబట్టి వేడినీళ్లు లేకపోయినా నా పద్ధతి తప్పే. ఇది రాయడానికి కొంచెం కష్టంగానే ఉంది.

ఈ పెన్సిల్ ఉన్న కాగితాలకు ఇక ఉప్పే. మామూలు సిరా కాగితాలకు తువ్వాలు టబ్బు పనికొస్తుందని ఇప్పటికీ అంటాను, నా 23 కాగితాలు అలాగే సాపు అయ్యాయి, ఎప్సన్ స్కానరులో అంగుళానికి 600 చుక్కల దగ్గర స్కాన్ కూడా అయిపోయాయి.

చిరుగులకు మైదా గంజి, పలచటి జపాను కాగితం. బాగుంది. తెల్ల జిగురు పూసినవారితో నాకు మాటల్లేవు, ఆరాక అది మళ్లీ ఊడిరాదు.

జూన్ 9

ఉప్పు మీద 30 గంటలు ఉంచితే కాగితం మెత్తబడి రెండు మడతలూ తెరుచుకున్నాయి. పటపటమనలేదు. రెండు అద్దుడు కాగితాల నడుమ పెట్టి, పైన గాజుపలక, దాని మీద బేతంచర్ల నాపరాయి ముక్కలు రెండు, మొత్తం 6.4 కిలోలు. బరువు కోసం పుస్తకాలు పేర్చేవారిని చూస్తే నాకు అర్థం కాదు. ఈ ప్రాంతంలో పుట్టి నాపరాయి ఉండగా పుస్తకాలా?

అయిదు రోజులకు తీశాను. నిలువు మడత సాపు. అడ్డ మడత మాత్రం మూడు మిల్లీమీటర్లు పైకి లేచి, టేపు పొడవునా అలలు. కాగితం తేమకు సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. టేపు రెండూ చేయదు. రెండింటినీ కట్టేసి నాపరాయి కింద పెడితే ఏం వస్తుంది? అలలే వస్తాయి.

కాబట్టి టేపు ముందు పోవాలి. స్పిరిటు వాడకూడదు, మిథైల్ వయొలెట్ నీటిలో కంటే స్పిరిటులో ఇంకా హాయిగా కరుగుతుంది. లైటర్‌లో పోసే పెట్రోలుకు ఈ రంగు లొంగదు, టేపు జిగురు లొంగుతుంది. ముందు పరీక్ష పట్టీ మీద చూసుకున్నాను, గీత కదలలేదు. తెల్లవారుజామున అయిదింటికి మిద్దె మీద చేశాను. ఈ ఎండల్లో, గదిలో, గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో ఎవరూ చేయవద్దు. దూది చుట్టిన పుల్లతో తడుపుతూ, ఉబ్బిన జిగురును వెదురు చీలికతో తోస్తూ వెళితే రెండు సెంటీమీటర్లకు 11 నిమిషాలు. మెత్తబడిన జిగురు ముక్కలను స్టెడ్లర్ రబ్బరుతో ఏరితే కాగితం పైపొర లేవకుండా వచ్చేస్తున్నాయి, ఈ రబ్బరుకు సాటి లేదు. ఇప్పటికి 9 సెంటీమీటర్లు. పసుపు మరక పోలేదు, పోదు కూడా. జిగురు ఏళ్ల తరబడి కాగితంలోకి ఇంకిపోయింది.

14వ బార్ టేపుకు ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో ఉంది. అక్కడికి వచ్చేసరికి చేయి ఆగింది.

జూన్ 14

ఇంతకీ ఆ అక్షరం ఏది?

తాత రాత పద్ధతి చెప్పాలి. పై వరుస మన కర్ణాటక స్వరాలు: స రి గ మ ప ద ని. కింది మూడు వరుసలు సోల్ఫా, అంటే పాశ్చాత్య స్వరాలను అక్షరాలతో రాసే పద్ధతి: ద ర మ ఫ స ల ట. జాన్ కర్వెన్ అనే ఇంగ్లండు పాస్టరు ప్రచారంలోకి తెచ్చిన సోల్ఫా మిషనరీల వెంట ఎక్కడెక్కడికో వెళ్లింది, మన చర్చి పాటల బృందాలకూ వచ్చింది. రెండింటినీ ఒకే కాగితం మీద, రెండింటినీ తెలుగు అక్షరాల్లో రాస్తే చదివేవాడి పని అయినట్టే. పై వరుసలో ‘స’ అంటే షడ్జం, కింద ‘స’ అంటే పంచమం. పైన ‘మ’ మధ్యమం, కింద ‘మ’ గాంధారం. ఆయనకు ఏ గందరగోళమూ ఉన్నట్టు లేదు. మ్యూజ్‌స్కోర్ అనే సంగీతం రాసే సాఫ్ట్‌వేరులోకి ఎక్కించేటప్పుడు మొదటి నెలంతా నాకే.

మరక అంచున తలకట్టు మిగిలింది. ల, ట లకు తలకట్టు ఉండదు, అవి పోయాయి. 14వ బార్‌లో పై వరుస పంచమం, ఆల్టో ‘మ’, టెనరు ‘ద’. ఈ మూడూ కలిస్తే బాస్‌లో ‘ర’, ‘ఫ’ పొసగవు. పక్కనే సిరాతో రాసి కొట్టేసిన అక్షరం ‘ద’ స్పష్టంగా ఉంది. కొట్టేసిన దాన్నే మళ్లీ రాయరు కదా. మిగిలింది ‘మ’ లేదా ‘స’.

నా ఓటు ‘స’కే. ఆల్టోలో ‘మ’ ఉండగా బాస్‌లోనూ ‘మ’ పెట్టడం హార్మనీ పాఠాల్లో మొదట వద్దనే పని. పైగా 15వ బార్ బాస్ ‘స’. పాదం ముగిసేచోట రెండు బార్లకూ ఒకే ‘స’ ఉంచడం ఆయన అలవాటు, స్కాన్ చేసిన కాగితాల్లో ఇలాంటి ముగింపులు 11 ఉంటే 9 చోట్ల అదే. కానీ ఆ మిగతా రెండు? ఓటుతో స్వరం తేలదు. ఖాళీగానే ఉంచాను.

అప్పట్లో ఆల్టో పాడిన పెద్దమ్మ ఒకరు ఉన్నారు, ఎనభై దాటాయి. వెళ్లి అడిగితే ఆల్టో వరుస మొత్తం తప్పు లేకుండా పాడారు, 14వ బార్‌తో సహా. బాస్ గురించి అడిగితే, “మగవాళ్లు ఏం పాడారో మాకెందుకు నాయనా, మా వరుస మేం చూసుకునేవాళ్లం” అన్నారు.

వస్తూ దారిలో తట్టింది. నీటికి కదిలింది రంగు మాత్రమే, గ్రాఫైటు నీటిలో కరగదు. అక్షరం ఆ మరక కిందే, గీసిన చోటే ఉండాలి. కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిలో మిథైల్ వయొలెట్ పారదర్శకం, గ్రాఫైటు నలుపు. ఈ ఆలోచన మే 19నే రావలసింది.

మూలన పడిన వెబ్ కెమెరా విప్పి, లెన్సు వెనక పరారుణాన్ని ఆపే చిన్న గాజు బిళ్ల తీసేశాను. లెన్సు ముందు పాత కలర్ రీలు నెగటివ్ చివర ఉండే నల్ల ముక్కను రెండు పొరలుగా పెట్టాను. అది కంటికి కనిపించే కాంతిని ఆపి పరారుణాన్ని వదులుతుంది. వెలుగుకు 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు, వేడి తగలకుండా 60 సెంటీమీటర్ల దూరంలో. ముందు టీవీ రిమోటు నొక్కి చూశాను (అది పంపేది పరారుణమే), తెర మీద తెల్లగా వెలిగింది.

తర్వాత కాగితం పెట్టాను. మరక లేదు! 7 మిల్లీమీటర్ల ఊదా మొత్తం మాయం, బ్లూబ్లాక్ సిరా కూడా బాగా పలచబడింది, మూడో బార్ దిద్దుబాటు నల్లగా తేలింది. 14వ బార్‌లో తలకట్టు, దాని కింద ఒక గుండ్రటి మెలిక. కుడివైపు తోక ఉందో లేదో తెలియలేదు. అక్షరం ఎత్తు నాలుగు మిల్లీమీటర్లు, ఈ కెమెరాలో అది పాతిక చుక్కలకు మించదు, పైగా పరారుణానికి ఫోకస్ దూరం మారిపోయి అంతా మసక. అరగంట చూస్తే ‘మ’లా ఉంది, ఇంకో అరగంట చూస్తే ‘స’లా ఉంది. కళ్లను నమ్మడం మానేసి బల్బు ఆర్పాను.

లెన్సు మర తిప్పి ఎనిమిది సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చి, బల్బు వెలుగులోనే ఫోకస్ సరిచేసి మళ్లీ తీయాలి. కెమెరా చేతిలో వణుకుతోంది కాబట్టి ముందు దానికో చెక్క స్టాండు కావాలి. వడ్రంగిని అడిగాను, బుధవారం ఇస్తానన్నాడు. మిగిలిన 11 సెంటీమీటర్ల టేపు ఆ ఫోటో వచ్చేదాకా ముట్టుకోను. ఆగస్టులో వానగాలికి గదిలోనే తేమ పెరుగుతుంది, అలల సంగతి అప్పుడు చూస్తాను. అటక పెట్టెలో పెన్సిల్ దిద్దుబాట్లున్న కాగితాలు ఇంకా ఆరు ఉన్నాయి. నిన్న రాత్రే ఆరింటినీ, మడతల మీదే, కనిపించినంత మేర ఫోటోలు తీసేశాను.