హిజ్కియా సొరంగం, సిలోయం కోనేరు: యెషయా 22:11 మీద ధ్యానం

మా బైబిల్ స్టడీలో యెషయా 22వ అధ్యాయం చదువుతుంటే 11వ వచనం దగ్గర నేను ఆగిపోయాను. యెరూషలేము వాళ్లతో ప్రవక్త అంటున్నాడు: రెండు గోడల మధ్య చెరువు కట్టుకున్నారు, పాత కోనేటి నీళ్లు అందులో నిలవ చేసుకున్నారు, కానీ దాన్ని చేయించినవాడి వైపు మీరు చూడలేదు. ఇన్నేళ్లూ ఈ వచనాన్ని దాటుకుంటూ వెళ్లిపోయాను, ఎందుకంటే ఆ గోడలేంటో, ఆ చెరువేంటో, ఊరి మీదికి ఎవరొస్తున్నారని అంత హడావిడో నాకు తెలియదు. చరిత్ర తెలియకుండా ప్రవక్తల్ని చదివితే బుర్రకథకు సగంలో వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది.

ఆ రోజుల్లో యెరూషలేము మీదికి వచ్చినవాడు అష్షూరు రాజు సన్హెరీబు. అది క్రీ.పూ. 701. అంతకు ఇరవై ఏళ్ల ముందే ఉత్తరాన ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను కూలిపోయింది, ఇశ్రాయేలు గోత్రాల వాళ్లను చెరపట్టుకుపోయారు, ఆ సంగతి యూదాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సన్హెరీబు తన విజయాలను మట్టి పట్టకం మీద రాయించుకున్నాడు. యూదాలో 46 ప్రాకారాలున్న పట్టణాలు పట్టుకున్నాననీ, యూదా రాజు హిజ్కియాను పంజరంలో పక్షిలా యెరూషలేములోనే బంధించాననీ అందులో ఉంది. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం లేదు. యూదాలోని లాకీషు పట్టణాన్ని ఎలా పట్టుకున్నాడో నీనెవె రాజభవనం గోడల మీద చెక్కించాడు, ఆ రాళ్లు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి మీద సామాన్లతో నిండిన బండ్లున్నాయి, ఊరు వదిలి నడిచిపోతున్న ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. ఆ బొమ్మలు చూశాక 2 రాజులు 18వ అధ్యాయం నాకు మునుపటిలా చదవబుద్ధి కాలేదు.

ఇక ఆ హడావిడి సంగతి. గోడను గట్టి చేయడానికి ఇళ్లు లెక్కపెట్టి పడగొట్టారని 10వ వచనం చెబుతుంది. 1970లలో నహ్మాన్ అవీగాద్ అనే పురావస్తు శాస్త్రవేత్త పాత యెరూషలేములో తవ్వితే సుమారు 7 మీటర్ల మందం ఉన్న గోడ బయటపడింది, అది ఇళ్లను కోసుకుంటూ పోయింది. ఇక నీళ్ల కోసం హిజ్కియా గిహోను ఊట నుంచి ఊళ్లోకి 533 మీటర్ల సొరంగం రాతిలో తొలిపించాడు (2 రాజులు 20:20, 2 దినవృత్తాంతములు 32:30). అష్షూరు వాళ్లు వచ్చి మన నీళ్లు ఎందుకు తాగాలి అన్నది వాళ్ల ఆలోచన. 1880లో ఆ సొరంగం గోడ మీద ఒక శాసనం దొరికింది, ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. పనివాళ్లు రెండు వైపుల నుంచి తొలుచుకుంటూ వచ్చారట, ఇంకా మూడు మూరలు మిగిలి ఉందనగా అవతలివాడు ఇవతలివాణ్ణి పిలిచే గొంతు వినిపించిందట, తర్వాత గొడ్డలికి గొడ్డలి ఎదురుగా పడిందట, నీళ్లు పారాయట. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. మనకు దొరికిన ఆ కొన్ని వరుసల్లో రాజు పేరు లేదు, దేవుని పేరూ లేదు. చీకట్లో రాయి కొట్టినవాళ్ల సంతోషం అది, నేను వాళ్లను తప్పు పట్టను.

యెషయా కూడా తవ్వడాన్ని తప్పు పట్టలేదు, చూపు ఎటు ఉందని అడిగాడు. దీనికి వెనక ఇంకో కథ ఉంది. సన్హెరీబు పంపిన అధికారి రబ్షాకే వచ్చి ఎక్కడ నిలబడి హిజ్కియా నమ్మిన దేవుణ్ణి దూషించాడో గమనించండి: చాకిరేవు దారిలో, పై కోనేటి కాలువ దగ్గర. ముప్పై ఏళ్ల పైచిలుకు క్రితం సరిగ్గా అదే చోట యెషయా హిజ్కియా తండ్రి ఆహాజును కలిసి భయపడకు అని చెప్పాడు (యెషయా 7:3-4). ఆహాజు వినలేదు, అష్షూరునే సాయానికి పిలిచాడు. తండ్రి పిలిచిన అష్షూరే కొడుకు గుమ్మం ముందుకు వచ్చింది! హిజ్కియా కూడా మొదట దేవాలయపు తలుపుల బంగారం ఒలిచి ఇచ్చి చూశాడు, పని జరగలేదు. గోడ ఉంది, సొరంగం ఉంది, అయినా అష్షూరు వాళ్ల బెదిరింపు ఉత్తరం చేతికి వచ్చాక అతను దాన్ని తీసుకెళ్లి యెహోవా సన్నిధిలో పరిచాడు (2 రాజులు 19:14). చివరికి అటు చూశాడు.

మనం కూడా అంతే కదా. హాస్పిటల్ రిపోర్టు రాగానే డాక్టర్లు, డబ్బులు, తెలిసినవాళ్ల నంబర్లు, అన్నీ చూసుకుంటాం, చూసుకోవాలి కూడా, ప్రార్థన మాత్రం ఆఖర్న గుర్తొస్తుంది. బైబిల్ చరిత్ర చదవడంలోనూ నాకు ఇదే జరిగింది. గోడ దొరికింది, శాసనం దొరికింది, బైబిల్ నిజమే అని వాదనలు గెలవడానికి వాడుకున్నాను, ఆ చరిత్రను నడిపించినవాడితో ఆ వారమంతా ఒక్క మాటా మాట్లాడలేదు.

హిజ్కియా చనిపోయాక కూడా ఆ నీళ్లు ఆగలేదు. దాదాపు ఏడు వందల ఏళ్ల తర్వాత, యేసు కాలంలో, అదే గిహోను నీళ్లు అదే సొరంగం గుండా వచ్చి సిలోయం కోనేట్లో పడుతున్నాయి. ఆ కోనేటి మెట్లు 2004లో మురుగు పైపు పనిలో బయటపడ్డాయి. పుట్టు గుడ్డివాడి కళ్ల మీద యేసు బురద పూసి, వెళ్లి అక్కడ కడుక్కో అన్నాడు. సిలోయం అంటే పంపబడినవాడు అని యోహాను అర్థం కూడా రాశాడు (యోహాను 9:7). అతను తడుముకుంటూ వెళ్లాడు, కడుక్కున్నాడు, చూపు వచ్చింది, కానీ చూపునిచ్చినవాడు అప్పుడు ఆ మెట్ల దగ్గర లేడు. ఊళ్లో వాళ్లు, పరిసయ్యులు అడిగి అడిగి చివరికి వెలివేశాక, యేసే అతన్ని వెతుక్కుంటూ వచ్చి, దేవుని కుమారునిలో విశ్వాసముంచుతున్నావా అని అడిగాడు. ఆయన ఎవరు ప్రభువా అన్నాడతను. నీవు ఆయనను చూస్తున్నావు, నీతో మాట్లాడుతున్నవాడే ఆయన, అన్నాడు యేసు.