ఆపరేషన్ ఉచితమే, వెంట వచ్చే మనిషేరీ?

శుక్లాల ఆపరేషన్ డబ్బు లేకే ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. నా విషయంలో డబ్బు అసలు లెక్కలోకే రాలేదు. సర్కారు దవాఖానాల్లో, ట్రస్టు కంటి ఆసుపత్రుల్లో ఉచితంగానే చేస్తున్నారు.

2018లో కంటి వెలుగు శిబిరం పెట్టినప్పుడే నాకు రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయని చెప్పారు. ఇంటికొచ్చి చెబితే మా ఆడపడుచు "ఇంకా ముదరలేదులే వదినా, ముదిరాక తీయిద్దాం" అంది. మా ఊళ్లో ఎవరినడిగినా ఇదే మాట. లెన్స్ పెట్టని పాతరోజుల్లో అలా ఆగేవాళ్లట. ఇప్పుడు ఆగితే శుక్లం గట్టిపడి ఆపరేషనే కష్టమవుతుంది, ఒక్కోసారి కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు. ఆ తర్వాత కరోనా. అది తగ్గాక కోడలి పురుడు, చంటిబిడ్డ పని. ఎండాకాలం కన్ను కోయించుకోకూడదన్నారు, వానాకాలం చీము పడుతుందన్నారు. చలికాలం వరికోతలు, ఎవరికీ తీరిక ఉండదు. ముసలిదాని కన్నుకి ముహూర్తం ఎప్పుడూ కుదరదు!

ఈలోగా బియ్యంలో రాయి కనిపించడం మానేసింది. సాయంత్రం ఎదురుగా బండి లైటు పడితే రోడ్డంతా తెల్లగా అయిపోయి, ఉన్నచోటే నిలబడిపోయేదాన్ని.

చివరికి ట్రస్టు ఆసుపత్రి బస్సు మండలానికి వస్తోందంటే వెళ్లాను. కన్ను చూసి ఆపరేషన్ చేయాల్సిందే అన్నారు కానీ షుగర్ ఎక్కువుందని వెనక్కి పంపారు. మాత్రలు మార్పించుకుని మళ్లీ వెళ్తే "వెంట ఎవరొచ్చారమ్మా?" అని అడిగారు. ఒక కన్నుకి కట్టు కడతారు, రెండోదేమో మసక. అడగడం న్యాయమే. కానీ కొడుకు బెంగళూరులో, సెలవు దొరకదు. మగవాళ్లకైతే భార్య వెంట వస్తుంది. భర్త పోయిన ఆడదానికి ఎవరొస్తారు? ఆ కాగితంలో అటెండెంట్ అన్న గడి నింపడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

పక్కింటి కోడలు కూలి మానుకుని వచ్చింది. పోయిన కూలి వద్దన్నా చేతిలో పెట్టాను. ఉచిత ఆపరేషన్‌కి నాకైన పెద్ద ఖర్చు అదే.

ఆపరేషన్ గురించి భయపడినంత లేదు. కంటి పక్కన మత్తు సూది వేసినప్పుడు చురుక్కుమంది, అంతే. ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ, పైన లైటు, కన్ను మీద చల్లగా నీళ్లు పారుతున్నట్టు. డాక్టరమ్మ "కదలకు పెద్దమ్మా, అయిపోవచ్చింది" అంటూనే ఉంది. టీ తాగినంతసేపట్లో అయిపోయింది.

అసలు తిప్పలు ఇంటికొచ్చాక. తలస్నానం వద్దు, పొయ్యి పొగ వద్దు, వంగి బరువులెత్తొద్దు. చుక్కల మందు మొదట్లో రోజుకి ఆరుసార్లు, తర్వాత వారం వారం తగ్గించుకుంటూ రావాలి. నా చేత్తో నేనే వేసుకుంటే సగం చెంప మీదే కారేది. పక్కింటి పిల్ల కాలేజీకి వెళ్లేముందు, వచ్చాక వేసేది. మధ్యాహ్నం చుక్క మాత్రం వెల్లకిలా పడుకుని, కింది రెప్ప లాగి, సీసా కంటికి తగలకుండా నేనే వేసుకోవడం నేర్చుకున్నాను.

రెండో కన్ను దసరా తర్వాత. ఈలోగా మా వీధిలో ఇంకొకామె ఇదే బాధలో ఉంది, కొడుకులు దుబాయిలో. ఈసారి బస్సు వచ్చినప్పుడు ఆమెను తీసుకెళ్తున్నాను. కాగితంలో నా పేరు రాయించమన్నాను.