నాలెడ్జ్ మేనేజ్‌మెంట్: బ్యాంకుల వైఫల్యాలను ముందు పెట్టుకుని చదివాను

బ్యాంకు ఉద్యోగులు రాసే సీఏఐఐబీ పరీక్షలో హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్‌ను ఎలక్టివ్‌గా తీసుకున్నవారిలో చాలామంది నాలెడ్జ్ మేనేజ్‌మెంట్, ఆర్గనైజేషనల్ లెర్నింగ్ అంశాలను, అంటే సంస్థ తనకు తెలిసినదాన్ని ఎలా దాచి పంచుకుంటుంది, అనుభవం నుంచి ఎలా నేర్చుకుంటుంది అన్న భాగాన్ని, చివరి వారానికి వదిలేస్తారు. నిర్వచనాలే కదా, రెండుసార్లు తిరగేస్తే చాలన్న ధీమా. నేను మాత్రం వీటికే ఎక్కువ సమయం ఇచ్చాను. బ్యాంకు తనకు తెలిసిన విషయాన్నే ఎలా మరిచిపోతుందో, ఆ మరుపుకు ఎంత మూల్యం చెల్లిస్తుందో ఈ భాగం చదివితేనే నాకు అర్థమైంది. అందుకే ఈ పేపరు రాయబోయే మీకోసం నా పద్ధతి రాస్తున్నాను.

పరీక్ష సంగతి మీకు తెలిసిందే: వంద మార్కులు, రెండు గంటలు, అన్నీ ఆబ్జెక్టివ్ ప్రశ్నలే, తప్పు సమాధానానికి కోత లేదు. కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి.

సిద్ధాంతకర్తల పేర్లు, సంవత్సరాలు విడిగా బట్టీ పడితే పరీక్ష హాలులో ఒకదానికొకటి కలిసిపోతాయి. అందుకని ఒక్కో సిద్ధాంతం చదవగానే నిజంగా జరిగిన ఒక బ్యాంకు ఘటన తీసుకుని మూడు ప్రశ్నలు వేసుకునేదాన్ని. విషయం ఎవరికి తెలుసు? అది ఎక్కడ ఆగిపోయింది? తరువాత ఏం మారింది?

ఈ ప్రశ్నలకు బ్రిటన్‌లోని బేరింగ్స్ బ్యాంకును మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 1762లో మొదలైన ఆ బ్యాంకు 1995 ఫిబ్రవరిలో కుప్పకూలింది. సింగపూర్‌లో ఆ బ్యాంకు ఉద్యోగి నిక్ లీసన్ చేసిన ట్రేడింగ్ వల్ల వచ్చిన నష్టం సుమారు 83 కోట్ల పౌండ్లు. చివరికి డచ్ సంస్థ ఐఎన్‌జీ దాన్ని ఒక్క పౌండు నామమాత్రపు ధరకు తీసుకుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. మన పాఠానికి అసలు ముఖ్యమైనది 1994లో జరిగింది. లావాదేవీలు చేసే విభాగాన్నీ, వాటిని లెక్కల్లోకి ఎక్కించే విభాగాన్నీ ఒకే మనిషి చూస్తున్నాడని, రెండింటినీ వేరు చేయాలని బ్యాంకు అంతర్గత ఆడిట్టే చెప్పింది. అంటే బ్యాంకుకు తెలుసు! కాగితం మీద, స్పష్టంగా, సమయానికి తెలుసు. కానీ ఆ సిఫారసు ఆచరణలోకి రాలేదు. సమాచారం ఉండటం వేరు, సంస్థ నేర్చుకోవడం వేరు అన్న తేడా ఈ ఒక్క ఘటనతో మనసులో నాటుకుపోయింది. ఆ తరువాత ఏ కేస్ స్టడీ ప్రశ్న వచ్చినా, లోపం సమాచారం లేకపోవడంలో ఉందా, ఉన్న సమాచారం మీద చర్య తీసుకోకపోవడంలో ఉందా అని ముందు చూసేదాన్ని. ఆప్షన్లలో సగం అక్కడే తేలిపోతాయి.

క్రిస్ ఆర్గిరిస్, డోనాల్డ్ షాన్ చెప్పిన సింగిల్ లూప్, డబుల్ లూప్ లెర్నింగ్‌లో చాలామంది తడబడతారు. ఉన్న నియమం పరిధిలోనే తప్పును సరిదిద్దితే సింగిల్ లూప్. అసలు ఆ నియమం, దాని వెనుక ఉన్న ఆలోచన సరైనవేనా అని ప్రశ్నించి మారిస్తే డబుల్ లూప్. ఒక బ్రాంచ్‌లో కేవైసీ పత్రాల్లో లోపాలు పదేపదే వస్తున్నాయనుకోండి. జాగ్రత్తగా చూడమని సిబ్బందికి మెమో ఇవ్వడం మొదటిది. కొత్త ఖాతాల టార్గెట్ ఒత్తిడి వల్లే పరిశీలన కుంటుపడుతోందా అని అడిగి, ఆ టార్గెట్ విధానాన్నే మార్చడం రెండోది. ప్రశ్నలో మార్పు ఏ స్థాయిలో జరిగిందో చూసుకుంటే జవాబు దొరుకుతుంది.

పెద్ద స్థాయిలో ఇదే చూడాలంటే 1974 జూన్‌లో మూతపడిన హెర్‌స్టాట్ బ్యాంకు గురించి చదవండి. జర్మనీలో ఆ రోజు పని వేళలు ముగిశాక అధికారులు దాన్ని మూసేశారు. అప్పటికే దానికి జర్మన్ కరెన్సీ అయిన మార్కులు చెల్లించేసిన ఇతర బ్యాంకులకు న్యూయార్క్‌లో అందవలసిన డాలర్లు అందలేదు. ఆ ఏడాది చివరికే జీ-10 దేశాల సెంట్రల్ బ్యాంకుల గవర్నర్లు బ్యాంకుల పర్యవేక్షణ కోసం బాసెల్ కమిటీని ఏర్పాటు చేశారు. కానీ రెండు కరెన్సీల చెల్లింపులు ఒకదానితో ఒకటి ముడిపడి జరిగేలా చూసే సీఎల్‌ఎస్ వ్యవస్థ మొదలైంది 2002లో. పాఠం అర్థమైన నాటికీ, దాన్ని వ్యవస్థలో పెట్టిన నాటికీ మధ్య ఎంత కాలం గడిచిందో గమనించండి.

ఇక మన పొరుగున, 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ సెంట్రల్ బ్యాంకు ఖాతా నుంచి నకిలీ స్విఫ్ట్ (బ్యాంకులు చెల్లింపు ఆదేశాలు పంపుకునే అంతర్జాతీయ వ్యవస్థ) సందేశాలతో 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు తరలిపోయాయి. మన దేశానికి వస్తే, స్విఫ్ట్ దుర్వినియోగం గురించి 2016 ఆగస్టు నుంచి కనీసం మూడుసార్లు బ్యాంకులను హెచ్చరించామని రిజర్వ్ బ్యాంకు 2018 ఫిబ్రవరిలో ప్రకటించింది. అప్పటికే పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణం బయటపడింది. బ్యాంకు లెక్కలన్నీ ఉండే కోర్ బ్యాంకింగ్‌లో నమోదు కాకుండానే స్విఫ్ట్ ద్వారా హామీ పత్రాల సందేశాలు వెళ్లాయి. హెచ్చరిక వచ్చింది, చదివినవారు ఉండే ఉంటారు, పని విధానం మాత్రం మారలేదు. రోజూ మన ఇన్‌బాక్స్‌లోకి వచ్చే సర్క్యులర్లను తలుచుకుంటే ఈ విషయం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

మనుషుల అనుభవం రాతలోకి, రాసింది మళ్లీ అనుభవంలోకి ఎలా మారుతుందో నోనాకా, టకేయుచి చెప్పిన ఎస్ఈసీఐ నమూనా నుంచి ఏదో ఒక ప్రశ్న వస్తుందనుకునే చదవండి. దీన్ని లోన్ అప్రైజల్ (రుణ దరఖాస్తు పరిశీలన)తో ముడిపెట్టుకుంటే మరిచిపోరు. సీనియర్ పక్కన కూర్చుని, స్టాక్ తనిఖీలో ఆయన చూపు ఎక్కడ ఆగుతుందో గమనిస్తూ నేర్చుకోవడం సోషలైజేషన్. ఆయన అనుభవాన్ని చెక్‌లిస్టుగా రాయడం ఎక్స్‌టర్నలైజేషన్. రీజినల్ ఆఫీసు అలాంటి చెక్‌లిస్టులను సర్క్యులర్లతో కలిపి మాన్యువల్ చేస్తే కాంబినేషన్. ఆ మాన్యువల్‌తో పని చేయగా చేయగా అది మన సొంత నేర్పుగా మారడం ఇంటర్నలైజేషన్. నేర్చుకునే సంస్థ గురించి పీటర్ సెంగే చెప్పిన ఐదు అంశాలు మాత్రం వరుసగా గుర్తుంటే చాలు, ఎక్కువ సమయం పెట్టకండి.

జ్ఞానాన్ని పంచుకోవడానికి ఎదురయ్యే అడ్డంకుల గురించి పుస్తకంలో ఉన్నదానికంటే బ్రాంచ్‌లోనే ఎక్కువ దొరుకుతుంది. తప్పు బయటపెడితే వివరణ అడుగుతారన్న భయం, తెలిసింది చెప్పేస్తే తన ప్రాధాన్యం తగ్గుతుందన్న బెంగ, బదిలీ ఆర్డరు రాగానే హడావుడిగా సాగే చార్జ్ అప్పగింత. తాళాలు, రిజిస్టర్లు చేతులు మారతాయి. ఏ ఖాతా మీద ఎందుకు కన్నేసి ఉంచాలో ఏ రిజిస్టరులోనూ ఉండదు. జాబ్ రొటేషన్ మోసాలను అరికట్టే సాధనమనే చాలామంది చదువుతారు. అనుభవం ఒక చోటి నుంచి మరో చోటికి చేరే మార్గం కూడా అదే. పాత బ్రాంచ్‌లో ఏమీ రాసి పెట్టకుండా వెళ్తే అదే రొటేషన్ నష్టం చేస్తుంది. ఈ రెండు కోణాలూ తెలిసి ఉండాలి.

సీనియర్లను అడిగేటప్పుడు "ఈ పని ఎలా చేస్తారు సార్" అంటే సర్క్యులర్‌లో ఉన్నదే చెబుతారు. "మీరు ఏ దరఖాస్తును ఆపేశారు, అందులో మీకు ఏం తేడాగా కనిపించింది" అని అడగండి. నాకు మేడమ్ ఒకరు ఈ ప్రశ్నకు చెప్పిన జవాబులతో ట్యాసిట్ నాలెడ్జ్ (మాటల్లో, రాతలో పెట్టని అనుభవ జ్ఞానం) అంటే ఏమిటో పూర్తిగా బోధపడింది.

కలిసి చదివేవారు ఇద్దరు ముగ్గురు దొరికితే, తలా ఒక ఘటన తీసుకుని పైన చెప్పిన మూడు ప్రశ్నలకు అర పేజీ మించకుండా జవాబులు రాసి మార్చుకోండి. ఫ్రెంచ్ బ్యాంకు సొసైటీ జనరల్‌లో 2008లో బయటపడిన ట్రేడర్ జెరోమ్ కెర్వియెల్ ఉదంతంతో మొదలుపెట్టవచ్చు. నష్టం 490 కోట్ల యూరోలు. అంతకుముందే వచ్చిన హెచ్చరికలు ఏ బల్ల దగ్గర ఆగాయో వెతకండి.