చీరల కోసం పోచంపల్లికి

అక్క కూతురి పెళ్లికి చీరలు కొనాలని ఒక ఆదివారం పొద్దున్నే నల్లగొండ నుంచి బయల్దేరాం. కారులో అక్క, అమ్మ, నేను. అక్కడ గాంధీ శిష్యుడు వినోబా భావే పేర ఉన్న మందిరం చూడాలన్నది నా ఒక్కదాని కోరిక. "చీరలు అయినంక సూద్దాం తియ్యే" అంది అక్క. పోచంపల్లిలో చీరలు అయిపోవడమంటూ ఉండదని నాకు తెలుసు. అందుకే ముందు మందిరం, తర్వాతే షాపు అని అమ్మతో ఒప్పించుకున్నాను.

చిట్యాల దాటాక గుండ్రాంపల్లి వస్తుంది. నిజాం పక్షాన తిరిగిన రజాకార్లు చంపినవాళ్ల స్తూపం ఉన్న ఊరు. అమ్మ ఎప్పటిలాగే చేతులు జోడించింది. తాతయ్య నిజాం మీద పోరాడిన కమ్యూనిస్టుల సంగంలో తిరిగినవాడు. మా జిల్లాలో ఏ వైపు పోయినా ఎర్ర స్తూపాలు, వాటి మీద పేర్లు. చిన్నప్పటి నుంచీ నాకు స్మారకమంటే చనిపోయినవాళ్ల పేర్లే. పోచంపల్లిలో గుర్తు పెట్టుకున్న రోజున మాత్రం ఎవరూ చావలేదు. నన్ను అక్కడికి లాగింది అదే.

చౌటుప్పల్ దాటి హైవే వదిలాక పెద్దగా చెప్పడానికేం లేదు. ఊళ్లోకి రాగానే మాత్రం వీధి పొడవునా చీరల షాపులే. అక్క కళ్లు అటే. బలవంతంగా మందిరం వైపు నడిపించాను.

లోపల వినోబా విగ్రహం, పాత ఫొటోలు. అమ్మ ఒక మూల కూర్చుంది. నేను చదివింది చెప్పడం మొదలుపెట్టాను. 1948లో నిజాం రాజ్యం పోయినా మా పల్లెల్లో తుపాకులు ఆగలేదు. పగలు పోలీసులు, రాత్రి కమ్యూనిస్టు దళాలు. 1951 ఏప్రిల్‌లో హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో గాంధేయవాదుల సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి నడుచుకుంటూ వచ్చిన వినోబా, అక్కడి నుంచి ఈ పల్లెల్లోకి కూడా కాలినడకనే బయల్దేరాడు. 18వ తేదీన పోచంపల్లి చేరాడు. హరిజనవాడకు వెళ్లి ఏం కావాలని అడిగితే, భూమి కావాలన్నారు. నలభై కుటుంబాలకు ఎనభై ఎకరాలు, సగం నీళ్లు పారే తరి, సగం మెట్ట. ప్రభుత్వానికి రాసి చూద్దాం, ఈలోగా ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నాడు. భూదానం అలా పుట్టింది. ఊరి పేరు కూడా భూదాన్ పోచంపల్లి అయింది.

ఆ మాట పట్టుకుని వినోబా పదమూడేళ్లకు పైగా దేశమంతా నడిచాడు. తర్వాత దానంగా వచ్చిన భూముల్లో రాళ్లూ రప్పలూ ఉన్నాయి, కోర్టు తగాదాలూ ఉన్నాయి. కొన్ని ఇప్పటికీ తెగలేదు. అదంతా తెలిసినా ఆ సాయంత్రాన్ని తేలిక చేయాలని నాకు అనిపించదు. మరుసటి ఏడాది మొదటి ఎన్నికల్లో మా నల్లగొండే కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసింది. నిన్నటిదాకా తుపాకీ చూసిన జనం ఓటు చీటీ పట్టుకున్నారు.

అమ్మ అంతా విని, "ఇచ్చినాయిన పేరు చెప్పినవ్. అడిగినోళ్ల పేర్లేవి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నేను చదివిన ప్రతిచోటా వాళ్లు 'నలభై కుటుంబాలు'గానే ఉన్నారు. ఒక అంకె. స్తూపాల ఊళ్ల నుంచి వచ్చిన మనిషి కదా, ముందు పేర్లే వెతుకుతుంది. మా తాతల ఊరి స్తూపం మీద పాలేర్ల పేర్లు కూడా ఉన్నాయి మరి.

"నలభై ఇండ్లకు ఎనభై. ఇంటికి రెండెకరాలు" అని వేళ్ల మీద లెక్కేసింది అమ్మ. నూరు ఇస్తానన్నా మాకు ఎనభై చాలన్నారని కూడా చెప్పాను. "సూడు, ఎంత కావాల్నో అంతే అడిగిన్రు" అని లేచి కొంగు దులుపుకుంది.

ఆ తర్వాత మూడు గంటలు చీరల షాపులో. నేసేవాళ్లు ముందుగా నూలుకే ముడులు కట్టి రంగులద్దుతారు, మగ్గం మీద డిజైన్ అప్పుడు తేలుతుంది. అది చూస్తుంటే నాకూ టైమ్ తెలియలేదు. షాపతను మంచినీళ్లు ఇచ్చి, "మందిరం చూసిన్రా అమ్మా? చీరలకొచ్చినోళ్లు అటు తక్కువ పోతరు" అన్నాడు.

అక్క ఐదు చీరలని లిస్టు రాసుకొచ్చింది. ఏడు కట్టించింది. అమ్మ ఏమీ అనలేదు, నా వైపు చూసి నవ్వింది.