పటమట గదిలో నా పనిముట్లు

షార్జా ఎండ చూసి ఇక్కడ ఇనుముకి తుప్పే పట్టదనుకున్నాను. ఆగస్టులో రాత్రిపూట గ్యారేజీ షట్టరు ఎత్తితే రెంచి తడితడిగా చేతికి తగిలేది. పక్కనే సముద్రం కదా.

ఆ సంగతి తెలిసేసరికే విజయవాడలో నా సామాను పాడైపోయింది. ఆటోనగర్‌లో పనిచేసిన తొమ్మిదేళ్లలో ఒక్కొక్కటిగా కొనుక్కున్నవి: స్పానర్లు, సాకెట్ సెట్, మరలు కోసే ట్యాపులు, డైలు, కొలతలు తీసే ఒక వెర్నియర్. 2017లో వీసా రాగానే అన్నిటికీ బండ్లలోంచి తీసేసిన పాత ఇంజనాయిలు పట్టించి, పాలిథిన్ కవర్లో చుట్టి, పటమట ఇంట్లో రేకుల గదిలో గచ్చు మీద పెట్టి విమానం ఎక్కాను. వాన కారుతుందేమోనని అమ్మ పైన గోనెసంచి కప్పింది. రెండేళ్లకి సెలవు మీద వచ్చి విప్పితే వెర్నియర్ కదల్లేదు. స్పానర్ల మీద క్రోమ్ లేచిపోయిన చోటల్లా పొక్కులు. ట్యాపు మీద వేలితో రాస్తే ఎర్రటి పొడి.

మా మలయాళీ ఫోర్‌మన్‌కి చెబితే నవ్వాడు. "తుప్పుని లోపలపెట్టి నువ్వే మూట కట్టావు" అన్నాడు. వాడేసిన ఆయిల్లో ఆమ్లాలు, తేమ చేరి ఉంటాయి. నా చేతి చెమటలో ఉప్పు ఉంది. గచ్చులోంచి చెమ్మ వస్తుంది, గోనె దాన్ని పట్టి ఉంచుతుంది, లోపల చేరిన తడిని పాలిథిన్ బయటికి పోనివ్వదు. అమ్మననేం లాభం, మెకానిక్‌ని నేను.

ఇప్పుడు సెలవు చివర్లో ఒక పూట సామానుకే. డీజిల్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో పెడతాను. ఆ తర్వాత గ్లౌజులు లేకుండా ముట్టను. కొత్త ఆయిలు పల్చగా రాస్తాను, మరలకి గ్రీజు. ఆకురాళ్లకి మాత్రం ఆయిలు వద్దు, పళ్లలో మడ్డి పేరుకుంటుంది. బ్రష్షుతో దులిపి, సుద్దముక్క రుద్ది విడిగా చుడతాను. డబ్ల్యూడీ-40 స్ప్రే కొడితే చాలదా అని ఆటోనగర్ కుర్రాళ్లు అడుగుతారు. అది తడిని తోలడానికి పుట్టిన సరుకు. పేరులో డబ్ల్యూడీ అంటే అదే, వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్; 40 అంటే నలభయ్యో ప్రయత్నం. అంత పల్చటి పొర రెండేళ్లు నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. నేను తుప్పు పట్టనివ్వని వీసీఐ కాగితంలో చుడతాను. అందులోంచి వచ్చే ఆవిరి ఇనుము మీద పొరలా పరుచుకుంటుంది. పెట్టెని రెండు ఇటుకల మీద ఎత్తి, లోపల తేమ పీల్చే సిలికా జెల్ గింజల సంచి వేస్తాను.

మొన్న మా ఆవిడ ఫోటో పెట్టింది.

"నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయండీ."

"తేమ పీల్చుకున్నాయిలే. ఆరుబయట సన్నటి సెగ మీద వేడి చెయ్యి, మళ్లీ నీలంగా అవుతాయి."

"ఏ మూకుట్లో?"

"వంటకి వాడనిదాంట్లో. ఆ నీలం మంచిది కాదు."

"మీ ఇనుపసామానుకి జరిగే సేవలు ఇంట్లో మనుషులకి లేవు" అని ఫోన్ పెట్టేసింది.