పిల్లాడు చూసిన పిల్లి

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఇంగ్లీషులో పేజీలకు పేజీలు కథలు రాసేస్తుంది. మొన్న సెలవుల్లో తెలుగులో ఒకటి రాయవే అంటే, గంటసేపు కూర్చుని తెచ్చిన కథలో మొదటి వాక్యం ఇది: "ఒక పిల్లాడు ఉన్నాడు ఎవరు చెట్టు ఎక్కాడు, అతను ఒక పిల్లిని చూశాడు ఏది ఏడుస్తోంది."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మాటలన్నీ తెలుగే, అచ్చుతప్పు ఒక్కటీ లేదు. 'హూ' రావలసిన చోట 'ఎవరు', 'విచ్' రావలసిన చోట 'ఏది' పెట్టిందంతే.

"మరి తెలుగులో హూని ఏమంటారమ్మా?"

ఏమీ అనరు. 'ఎవరైతే ఎక్కాడో వాడు' అనే పద్ధతి ఉంది గానీ, అది ఉపన్యాసాలకు బాగుంటుంది. పిల్లల కథలో పంటికింద రాయిలా తగులుతుంది. మనకు ఆ పని క్రియే చేసిపెడుతుంది. ఎక్కాడు అన్నదాన్ని 'ఎక్కిన' చేసి పేరుకు ముందు పెడితే చాలు: చెట్టెక్కిన పిల్లాడు, ఏడుస్తున్న పిల్లి. నువ్వు రాసిన పెన్సిల్, మనం కూర్చున్న గది, వాన పడిన రోజు, అన్నిటికీ ఇదే మందు. దీన్ని క్రియాజన్య విశేషణం అంటారని మాత్రం చెప్పలేదు, దడుచుకుంటుంది.

చిక్కల్లా పేరు చివరికి పోవడంతోనే. "చెట్టెక్కి దిగలేక ఏడుస్తున్న పిల్లాణ్ణి చూసి పారిపోయిన పిల్లి" అని రాస్తే, పిల్లి వచ్చేదాకా చదివేవాళ్లు ఊపిరి బిగబట్టాలి. చిన్నపిల్లలకు రాసేటప్పుడు అలాంటిదాన్ని రెండు మూడు వాక్యాలుగా విరగ్గొట్టడమే మేలు.

అసలు మజా తర్వాత వచ్చింది. "పిల్లాడిని చూసిన పిల్లి" అని కాగితం మీద రాసి, 'డిని' మీద 'డు' అని రాసిన చిన్న కాగితం ముక్క పెట్టి మూయమన్నాను. మూసింది. "పిల్లాడు చూసిన పిల్లి" అయింది. తీసింది, మళ్లీ మూసింది. "మూస్తే పిల్లాడు పైనుంచి చూస్తున్నాడు. తీస్తే పిల్లి కిందనుంచి చూస్తోంది!" అని అరిచింది. 'చూసిన' మారలేదు, చూసే కళ్లు మారాయి.

అయితే కథంతా పిల్లి చేతే చెప్పించు, ఫస్ట్ పర్సన్‌లో, అంటే ప్రథమ పురుషలో, అనేశాను. అని నాలిక్కరుచుకున్నాను. మన వ్యాకరణంలో 'నేను' ఉత్తమ పురుష. ప్రథమ పురుష అంటే వాడు, ఆమె, అది. తెలుగు నేర్పుతున్నది ఇంగ్లీషులో ఆలోచించే తల్లి, ఏం చేస్తాం!

ఇక పిల్లి ఆ పిల్లాణ్ణి ఏమనాలి? వాడా, అతనా? ఇంగ్లీషులో 'హీ' అంటే సరిపోయేది. తెలుగులో ఏ మాట వాడినా, చెప్పేవాళ్లకు అతనితో ఎంత చనువో బయటపడిపోతుంది. ఈ విషయంలో దానికి నామీద పాత కోపం ఒకటుంది. "నన్ను అది అంటావేంటి, నేను ఇట్‌నా?" అని పోట్లాడేది. ముద్దుకు అంటారే అంటే నమ్మేది కాదు.

ఈసారి నన్నేమీ అడగలేదు. పిల్లి భయపడుతున్నంతసేపూ "అతను" అని రాసింది. పిల్లాడు దిగివచ్చి ఎత్తుకున్నాక "వాడు" అయ్యాడు. నేను చెప్పింది కాదు, నాకు తట్టేది కూడా కాదు.

చివరి వాక్యం: "తర్వాత మేము ఇంటికి వెళ్లాం."

"మేమా, మనమా?" అన్నాను.

కాసేపు ఆలోచించింది. "మేమే. చదివేవాళ్లు మాతో రాలేదు కదా."